కేంద్రకపు కొలతలు - మన తెలుగు

(గుడియాత్తమునందు వేలూరు, గుడియాత్తము తెలుగు కుటుంబముల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో వివాహములు, విరాళములు, బడులు మున్నగు వానిని గూర్చి ముచ్చటించుట మనకు వాడుక. నేడు మేము పరమాణు కేంద్రకమును గూర్చి మాటలాడబూనితిమి. వర్తకులకును నేతగాండ్రకును దీనితో పని యేమని కొందరు తలంపవచ్చును. తూనిక, కొలత, రంగు - ఈ మూడును మన వృత్తులలోనివే. ఈ శాస్త్రమునకును అవియే ఆధారము.

పరమాణువు నడుమనుండు కేంద్రకములో ధనవిద్యుత్తు గల ప్రోటానులును, విద్యుత్తు లేని న్యూట్రానులును ఉండును. ప్రోటానుల సంఖ్యను బట్టి మూలకము ఏదియో తెలియును. న్యూట్రానుల సంఖ్య మాత్రము మారవచ్చును. సామాన్యమైన లిథియములో 3 ప్రోటానులు, 4 న్యూట్రానులు కలవు. 8 న్యూట్రానులు గల లిథియమును కూడ శాస్త్రజ్ఞులు సృష్టింపగలిగిరి. కాని సెకనులో నూరవ వంతు గడువకమునుపే అందు సగము నశించిపోవును.

ఈ కేంద్రకము ఎదురుచూచినదానికంటె చాల పెద్దదని 1985లో అమెరికాలోని బర్కిలీయందు ఇసావో తనిహాతా మున్నగువారు కనుగొనిరి. లోపలి ముద్దయే ఉబ్బినదా, అంచు మాత్రమే వ్యాపించినదా? తూచి చెప్పుటకు వీలులేని ప్రశ్న ఇది. అయితే పెక్కు కేంద్రకములు చిన్న అయస్కాంతములవలె వర్తించును. విద్యుత్తు లేని న్యూట్రానుకు సైతము ఈ గుణము కలదు. ఆసుపత్రులలో మనమెరిగిన ఎం.ఆర్.ఐ. యంత్రము హైడ్రోజను కేంద్రకపు ఈ గుణముననుసరించియే పనిచేయును.

1987లో జెనీవాయందలి సెర్న్ సంస్థలో ఆ లిథియపు అయస్కాంత బలమును కొలిచిరి. లేజరు కాంతితో కేంద్రకములను ఒకే దిక్కునకు త్రిప్పి, స్ఫటికములో నిలిపి, రేడియో తరంగములను సోకించి, అవి నశించునపుడు బీటా కణములు ఏ వైపున హెచ్చుగా వెలువడుచున్నవో లెక్కించిరి. 6 న్యూట్రానుల లిథియమునకు 3.44, 8 న్యూట్రానుల దానికి 3.67 కేంద్రక మాగ్నెటానులని తేలినది. భేదము స్వల్పము. కావున లోపలి ముద్ద అంతగా మారలేదనియు, కడపటి 2 న్యూట్రానులే దూరముగా చంద్రుని చుట్టునుండు గుడివలె వ్యాపించినవనియు బలపడెను.

మరియొక పద్ధతి కలదు. ఒకే రంగును రెండుమార్లు అద్దిన నూలును గుడియాత్తపు నేతగాడు ప్రక్కప్రక్కన పెట్టి భేదమును ఇట్టే పట్టును. అట్లే న్యూట్రానులు హెచ్చినపుడు కేంద్రకపు పరిమాణము మారి, పరమాణువు వెలువరించు కాంతి రంగు అత్యల్పముగా జరుగును. 2016లో 20 ప్రోటానులు, 32 న్యూట్రానులు గల కాల్షియమును సెర్న్‌లో ఇట్లు పరీక్షింపగా, అదియు సిద్ధాంతములు చెప్పినదానికంటె పెద్దదిగా కనబడెను.

దీనివలన ప్రయోజనమేమి? మన ఇండ్లలోని బంగారము భూమిపై పుట్టినది కాదు. కేంద్రకములు న్యూట్రానులను వెంటవెంట మ్రింగుటచే అది ఆకాశమున పుట్టినది. 2017లో రెండు న్యూట్రాను నక్షత్రములు ఢీకొనుటను గమనించినపుడు ఇట్టి బరువైన మూలకములు పుట్టుటకు సాక్ష్యము లభించినది. ఆ పుట్టుకను లెక్కగట్టుటకు న్యూట్రానులు హెచ్చిన కేంద్రకముల గుణములు తెలియవలెను.

ఈ విద్య మనవారికి పరాయిది కాదు. 1896లో భీమవరము చెంత గొరగనమూడిలో జన్మించిన స్వామి జ్ఞానానంద సన్న్యాసియై యుండియు, న్యూట్రానును కనుగొన్న చాడ్విక్ వద్ద బీటా కిరణములపై పరిశోధించిరి. పిదప ఆంధ్ర విశ్వవిద్యాలయమున కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పి, 1969లో కీర్తిశేషులైరి.

మన పిల్లలు ఈ శాస్త్రమును ఇంగ్లీషున గాని తమిళమున గాని చదువుచున్నారు. 2006 నాటి చట్టముచే ఈ రాష్ట్రపు బడులలో తమిళము క్రమముగా నిర్బంధ పాఠ్యమైనది. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. దానితో మనకు వైరము లేదు. కాని తెలుగు వంటింటికిని, పెండ్లి పందిరికిని మాత్రమే మిగిలినచో ఎన్నాళ్లు నిలుచును? మనుమరాలు తాను చదివినది అవ్వకు చెప్పజాలకున్నచో, ఆ ఇంట తెలుగు ఏమి మిగులును?

కావున మా మనవి ఇది. నెలకొక్కమారు ఈ సభలో ఒక విద్యార్థి గాని విద్యార్థిని గాని తాను చదివిన శాస్త్రపాఠమును పది నిమిషములు తెలుగున చెప్పవలెను. న్యూట్రాను న్యూట్రానుగనే యుండనిండు; వాక్యము తెలుగైన చాలును. పెద్దలు సిగ్గుపడక ప్రశ్నింపవలెను. వర్తకులమైన మేము పుస్తకముల వ్యయమును భరించుటకు సిద్ధముగా నున్నాము. రాబోవు నెలకు పేర్లనిచ్చుట మీ వంతు.