మహద్‌లో మనం ఆగినం, తహసీల్దారు ఎందుకాగలేదు?

(పాతబస్తీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మూసీ ఒడ్డున గుమ్మటాల హైకోర్టు 1920 నుంచి ఉంది. అదే మూసీ ఒడ్డున, చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో 2024 సెప్టెంబరులో అధికారులొచ్చి పేదల గోడల మీద ఎర్ర అక్షరాలు రాసి పోయిండ్రు. కోర్టుకూ ఆ గోడలకూ మధ్య నడిచి పోయేటంత దూరమే. కోర్టు కాగితం ఆ దూరం దాటొచ్చి గోడను కాపాడుతదా? ఇయ్యాల మాట్లాడుకోవాల్సింది ఇదే.

1927 డిసెంబరులో మహద్ చెరువు నీళ్ల కోసం మనోళ్లు వేలమంది జమైనప్పుడు, సవర్ణులు కోర్టు నుంచి తాత్కాలిక నిషేధం తెచ్చిండ్రు. బాబాసాహెబ్ సత్యాగ్రహం ఆపిండ్రు. మనుస్మృతిని తగలబెట్టిన ఆ మనుషులే కోర్టు కాగితాన్ని మన్నించిండ్రు. 1937లో బొంబాయి హైకోర్టులో కేసు గెలిచేదాకా పోరాడిండ్రు.

ఇప్పుడు గుంటూరు జిల్లా సంగతి వినండి. 2013 డిసెంబరు 11న హైకోర్టు ఆర్డరిచ్చింది. 2014 జనవరిలోనే తహసీల్దారు తాతా మోహన్‌రావు ఆ ఆర్డరును కాదని గుడిసెలు పీకించిండు. దాహంతో ఉన్నోళ్లు ఆగిండ్రు. కుర్చీలో ఉన్నోడు నెల రోజులు కూడా ఆగలేదు! హైకోర్టు రెండు నెలల జైలు వేసింది. ఈలోపు ఆయన డిప్యూటీ కలెక్టర్ అయిండు. 2025 మే 9న జస్టిస్ బి.ఆర్. గవాయ్ ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం ఆయన్ని తిరిగి తహసీల్దారుగా దించి, లక్ష రూపాయల జరిమానా వేసింది. గుడిసె కూలడానికి ఒక్క పూట, శిక్షకు పదకొండేండ్లు.

కోర్టు ధిక్కారం అంటే జడ్జిని తిట్టుడని చాలామంది అనుకుంటరు. అది వేరు. 1971 చట్టం ప్రకారం కోర్టు ఆర్డరును తెలిసి, కావాలని ఉల్లంఘించుడు సివిల్ ధిక్కారం. ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇందులో "తెలిసి" అన్న మాటే కీలకం. "మాకు ఆర్డరు అందలేదు" అనేదే ఆఫీసర్ల మొదటి సాకు. ఆ సాకు వాళ్లకు మిగల్చొద్దు. ఆర్డరు సర్టిఫైడ్ కాపీ ఆఫీసులో ఇచ్చి, తేదీతో ముద్ర వేయించుకోండి. స్పీడ్ పోస్టులో కూడా పంపండి. బుల్డోజర్ వస్తే వీడియో తీయండి: ఎవరొచ్చిండ్రు, ఎన్ని గంటలకు, ఏ బండి.

ఏడాది లోపల ధిక్కారం పిటిషన్ వేయాలె. ఆలస్యమైతే తలుపు మూసుకుంటది. కింది కోర్టు ఇంజంక్షన్ ఇస్తే అదే కోర్టుకు పోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు, 2ఏ రూలు కింద ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు ఉన్నయి. ఆఫీసరుకు శిక్ష పడితే గుడిసె దానంతటదే లేవదు. కూలినదాన్ని తిరిగి కట్టియ్యాలనీ, నష్టపరిహారం ఇయ్యాలనీ కూడా అడగాలె.

ఒక హెచ్చరిక. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు, పదిహేను రోజుల నోటీసు లేకుండా కూల్చొద్దన్నది. అయితే రోడ్డు, నది, చెరువు జాగాల్లో అక్రమ కట్టడాలకు అది వర్తించదన్నది. అందుకని మూసీ ఒడ్డు బస్తీలు ఆ తీర్పునే నమ్ముకొని కూసోవద్దు. ఎర్ర గుర్తు పడ్డ రోజే సొంతంగా కోర్టుకు పోవాలె.

వకీలుకు పైసల్లేవని ఆగొద్దు. 1987 చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు, ఏ కులం, ఏ మతం ఆడవాళ్లకైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు హక్కు. మన పక్కింటి ముస్లిం అమ్మకు కూడా ఈ మాట చెప్పండి.

ప్రతి బస్తీలో ఒక ఫైలు పెట్టండి. పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, నోటీసులు, ఆర్డర్లు అన్నీ అందులో ఉండాలె. ఫైలు బాధ్యత చదువుకున్న పిల్లకు అప్పగించండి. కాగితం ఒక్కటే గుడిసెను కాపాడదు. కాగితం పట్టుకొని గుంపుగా నిలబడ్డ బస్తీ కాపాడుతది.

జై భీమ్!