గడువు దాటకముందే కాగితం

(చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి శాఖల ఉమ్మడి సర్వసభ్య సమావేశంలో సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనసు గురించి, కొత్త లేబర్ కోడ్‌ల గురించి మన అధ్యక్షులు ఇంతకుముందే వివరంగా చెప్పినారు. మాకు వచ్చింది ఎజెండాలో చివరి అంశం. చివరిది కదా అని లేచిపోకండి. బస్సుకు ఇంకా టైముంది, చింతామణి వాళ్ళకైతే ఆఖరి బస్సుకు కూడా టైముంది.

మన రీలింగు యూనిట్లలో పని తగ్గింది. మిల్లుల్లో పర్మినెంటు ఉద్యోగమనేది మా తరంతోనే దాదాపు ఆగిపోయింది. మన పిల్లలు కొందరు బెంగళూరు గార్మెంట్స్‌కు పోతున్నారు. మరికొందరు మదనపల్లి, రాయచోటి ఏజెంట్లను పట్టుకొని కువైట్‌కు, సౌదీకి పోతున్నారు. ఈ మధ్య సంఘం ఆఫీసు మెట్లెక్కే తల్లిదండ్రుల్లో చాలామంది అడిగేది మిల్లు సంగతి కాదు. "అన్నా, మావాని ఇఖామా అయిపోయిందంట, ఏం చేయాల?" అని అడుగుతున్నారు. అందుకే ఈ సంగతి సర్వసభ్య సమావేశంలో పెట్టినాము.

ఇది మిల్లు సంఘానికి సంబంధం లేని విషయమని కమిటీలో ఒకరిద్దరు అన్నారు. వారికి మా పాత అనుభవం ఒకటి చెప్పినాము. మీకూ చెబుతాము.

మేము 1989లో స్పిన్నింగులో డాఫరుగా చేరినాము. అప్పుడు మాది బదిలీ కార్డు. తెల్లవారుజామున గేటు దగ్గర నిలబడాలి. పర్మినెంటు మనిషి ఎవరైనా రాకపోతే మేస్త్రీ మనలో ఒకరిని లోపలికి పిలుస్తాడు. ఆ కార్డుకు మూడు నెలలకొకసారి టైం ఆఫీసులో ముద్ర వేయించుకోవాలి. మాతోపాటు చేరిన బాగేపల్లి వైపు మిత్రుడొకడు చెల్లెలి పెళ్ళికని ఊరికి పోయి, ముద్ర గడువు దాటిన నాలుగో రోజున వచ్చినాడు. కార్డు రద్దయిందన్నారు. నాలుగేళ్ళ పని పోయింది. నాలుగు రోజులకు నాలుగేళ్ళు!

ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాణ్ణి ఊరికే తీసివేయరాదని ఆనాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. బదిలీ మనిషి అయినా ఒక ఏడాది నిండా పనిచేస్తే లే-ఆఫ్ పరిహారం విషయంలో బదిలీ కిందకి రాడని కూడా అందులోనే ఉండింది. ఆ ధైర్యంతోనే మనము కేసు వేసినాము. కానీ 240 రోజులు చేసినట్టు రుజువేది? హాజరు పుస్తకం యాజమాన్యం దగ్గర ఉంది. సంబళం చీటీలను మనవాడు బీడీ చుట్టినట్టు చుట్టి ఎక్కడో పడేసినాడు. ఏళ్ళు తిరిగి, చివరకు కొంచెం డబ్బుతో రాజీ అయినాము. ఆ రుజువు భారం కార్మికునిదేనని తర్వాత 2002లో మన కర్ణాటక అటవీ శాఖ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ తీర్పు మాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. కానీ తీర్పు తీర్పే.

గల్ఫ్‌లో ఇఖామా కూడా ఒక బదిలీ కార్డే. తేడా ఒక్కటే. ఇక్కడ కార్డు పోతే ఇంటికి వస్తాము. అక్కడ కార్డు పోతే ఇంటికి రావడానికి కూడా దారి ఉండదు.

దాని పద్ధతి తెలుసుకోండి. అక్కడ పని అనుమతి, నివాస అనుమతి రెండూ కఫీల్ పేరు మీద, అంటే యజమాని పేరు మీద ముడిపడి ఉంటాయి. మన పిల్లవాడు తనంతట తాను ఆఫీసుకు పోయి రెన్యువల్ చేయించుకోవడానికి లేదు. చేయించవలసింది యజమాని. చేయించకపోతే పోలీసులు పట్టుకునేది మాత్రం పిల్లవాణ్ణి. ఇంతకంటే వంకర న్యాయం ఉంటుందా? తప్పు ఒకరిది, జరిమానా మరొకరిది.

మన సభ్యుడొకరి కొడుకు కువైట్‌లో ఒక గోడౌనులో పనిచేస్తుండినాడు. నెలకు 110 దీనార్లు. 2023 సెప్టెంబరులో ఇఖామా గడువు. రెన్యువల్‌కని కంపెనీ మందూబ్ చేతికి, అంటే ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషికి, నగదు ఇచ్చినాడు. రసీదు లేదు. "ఇన్షా అల్లా, అయిపోతుంది" అన్నాడట ఆ మనిషి. గోడౌనులో పని నడుస్తూనే ఉంది, సంబళం వస్తూనే ఉంది, కాబట్టి పిల్లవానికి అనుమానం రాలేదు. డిసెంబరులో జ్వరమొచ్చి ఆసుపత్రికి పోతే, అక్కడి కంప్యూటరు "నీ సివిల్ ఐడీ చెల్లదు" అన్నది. అప్పుడు తెలిసింది.

జనవరి రెండో వారంలో ఇక్కడ తల్లి చనిపోయింది. అప్పటికి సుమారు 120 రోజులు దాటినాయి. అప్పటి లెక్కన రోజుకు 2 దీనార్లు జరిమానా. మొత్తం 240 దీనార్లు, రెండు నెలల సంబళం కంటే ఎక్కువ. అది కట్టి వచ్చినా మళ్ళీ పోవడానికి దారి ఉంటుందో లేదో తెలియదు. వీసాకు చేసిన అప్పేమో ఇంకా తీరలేదు. రాలేదు. తండ్రి తలకొరివి చిన్నకొడుకుతో పెట్టించినాడు. పెద్దవాడు ఫోనులో చూసినాడు. ఆ రోజు మేము ఆ ఇంటి దగ్గరే ఉన్నాము. ఇంతకంటే చెప్పము.

2024 మార్చి 17 నుంచి కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష అమలుచేసింది. మొదట జూన్ 17 వరకు, తర్వాత జూన్ 30 వరకు పొడిగించింది. గడువు దాటినవారు జరిమానా లేకుండా దేశం వదిలిపోవచ్చు, మళ్ళీ కొత్త వీసాతో రావచ్చు. లేదా జరిమానా కట్టి అక్కడే కాగితాలు సరిచేసుకోవచ్చు. మనవాడు మే నెలలో ఇంటికి చేరినాడు. వచ్చి నేరుగా సమాధి దగ్గరికి పోయినాడు.

ఇటువంటి క్షమాభిక్షలు ముందూ వచ్చినాయి. కువైట్‌లోనే 2018లో, 2020 ఏప్రిల్‌లో వచ్చినాయి. ఎమిరేట్స్‌లో 2018లోనూ, 2024 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 వరకూ వచ్చినాయి. సౌదీలో 2013లో నితాఖత్ అమలుచేస్తూ నవంబరు 3 వరకు గడువిస్తే, లక్షకు పైగా భారతీయులు తిరిగి వచ్చినారు. కొందరు పిల్లలు దీన్ని చూసి "ఎప్పుడో ఒకప్పుడు క్షమాభిక్ష వస్తుందిలే" అనుకొని కల్లివెల్లిగా ఉండిపోతున్నారు. వానకోసం చూసే రైతుకైనా కార్తెల లెక్క ఉంటుంది. దీనికి ఆ లెక్క కూడా లేదు.

పిల్లవానిదే అజాగ్రత్త అని కొందరంటారు. సరే, 2016లో సౌదీలో ఏమైంది? సౌదీ ఓజర్ వంటి పెద్ద కంపెనీ నెలల తరబడి సంబళాలివ్వలేదు, ఇఖామాలు రెన్యువల్ చేయలేదు. వేలమంది మనవాళ్ళు క్యాంపుల్లో తిండికి కూడా ఇబ్బంది పడినారు. విదేశాంగ సహాయమంత్రి వి.కె. సింగ్ అక్కడికి పోవలసి వచ్చింది. కార్మికుడు ఎంత జాగ్రత్తగా ఉన్నా యజమాని చేతులెత్తేస్తే ఇంతే. కాబట్టి జాగ్రత్త ఒక్కటే చాలదు, హక్కు ఏమిటో కూడా తెలిసి ఉండాలి.

సౌదీ లేబర్ చట్టం 40వ అధికరణం ప్రకారం ఇఖామా, వర్క్ పర్మిట్ ఫీజులు, వాటి రెన్యువల్ ఫీజులు, ఆలస్యమైతే పడే జరిమానా, అన్నీ యజమానే భరించాలి. "నీ సంబళంలో పట్టుకుంటాను" అంటే అది చట్టవిరుద్ధం. 2021 మార్చి నుంచి అక్కడ ఇంకొక మార్పు వచ్చింది. వర్క్ పర్మిట్ గడువు దాటిపోయి యజమాని రెన్యువల్ చేయకపోతే, అతని ఒప్పుకోలు లేకుండానే వేరే యజమాని దగ్గరికి మారవచ్చు. ఇది తెలియక ఎంతమంది దాక్కొని బతుకుతున్నారో! దాక్కుంటే యజమాని "హురూబ్" అని, అంటే పారిపోయినాడని రాసేస్తాడు. అప్పుడు ఉన్న హక్కు కూడా పోతుంది.

మరి పిల్లలకు ఫోనులో ఏం చెప్పాలి? గడువు తేదీ యజమానిని అడిగి తెలుసుకోవద్దనండి, తామే చూసుకోమనండి. సౌదీలో అబ్షర్, కువైట్‌లో సహెల్ అనే యాప్‌లు ఉన్నాయి. మూడు నెలల ముందే కంపెనీకి వాట్సాప్‌లోనో, కాగితం మీదనో రాసి అడగాలి. ఆ మెసేజును తీసివేయరాదు, అదే రేపటి రుజువు. మనవాడు సంబళం చీటీలు పడేసిన కథ గుర్తుంచుకోండి. మందూబ్ చేతికి రసీదు లేకుండా ఒక్క దీనారు ఇవ్వరాదు. పని నడుస్తున్నది కదా, కాగితం కూడా నడుస్తున్నదని అనుకోరాదు. గడువు దగ్గరపడి యజమాని కదలకపోతే, గడువు లోపలే అక్కడి లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేయాలి. దాటిన తర్వాత చేస్తే ముందు అడిగేది మన తప్పునే.

పాస్‌పోర్టు సంగతి చాలామంది మరిచిపోతారు. పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే ఇఖామా రెన్యువల్ కూడా ఆగుతుంది. గడువుకు ఏడాది ముందు నుంచే కొత్తదానికి అర్జీ పెట్టుకోవచ్చు. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, యజమాని బీరువాలో పెట్టుకోవడానికి లేదు. (2025 జూలైలో నందిబెట్టలో కూర్చున్న మంత్రివర్గం బాగేపల్లి పేరు భాగ్యనగరమని మార్చడానికి ఒప్పుకున్నది కదా, పిల్లల పాస్‌పోర్టులు చెల్లవా అని ఒక అమ్మ అడిగింది. ఊరి పేరుకు భయపడవద్దమ్మా, గడువు తేదీకి భయపడు అన్నాము.)

ఇక్కడి నుంచి పోయేటప్పుడు, పదో తరగతి పాసు కానివారికి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద క్లియరెన్సు కావాలి. రిజిస్టరైన ఏజెంటు సర్వీసు ఛార్జి కింద 30,000 రూపాయలు, దానిపై పన్ను, అంతకు మించి తీసుకోరాదు. మనవాళ్ళు లక్షన్నర ఇచ్చి, రసీదు అడగడానికి సిగ్గుపడుతున్నారు! ప్రవాసీ భారతీయ బీమా యోజన అని ఒకటుంది. రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు. దీనికీ గడువుంది, అక్కడి నుంచే ఆన్‌లైనులో రెన్యువల్ చేసుకోవచ్చు. యజమాని మారినా బీమా పోదు.

కష్టం వచ్చినప్పుడు ఎంబసీకి పోవడానికి మనవాళ్ళు జంకుతారు. జంకవలసిన పని లేదు. 2009 నుంచి ఎంబసీల్లో సంక్షేమ నిధి ఉంది. చట్టపరమైన సాయానికి, తిరుగు టికెట్టుకు దాని నుంచి ఇవ్వవచ్చు. ఇంటి దగ్గర ఉన్నవారు మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు వేయవచ్చు. కంప్యూటరు రాకపోతే మన ఆఫీసుకు రండి, వేసిపెడతాము.

ఇక్కడి మిల్లుల్లో కూడా ఇదే రోగం మొదలైంది. గడువు కాంట్రాక్టును తిరిగి ఇవ్వకపోతే అది రిట్రెంచిమెంటు కాదని 1984లోనే చట్టంలో చేర్చినారు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కోడ్‌లు ఆ పద్ధతిని ఇంకా స్థిరం చేసినాయి. ఏడాది నిండితే గ్రాట్యుటీ ఇస్తామన్నది అందులో ఒక మేలు. ఏడాది నిండనిస్తారా అన్నది మనము చూసుకోవలసిన సంగతి. కొత్తగా చేరినవారు మీ నియామక పత్రంలో గడువు తేదీ ఎక్కడుందో ఈ రాత్రే చూడండి.

మూడు శాఖల ఆఫీసుల్లోనూ ఒక్కొక్క గడువుల పుస్తకం పెట్టినాము. బయట దేశంలో ఉన్న మీ పిల్లల పేరు, పాస్‌పోర్టు గడువు, ఇఖామా గడువు, బీమా గడువు అందులో రాయించండి. నాలుగు నెలల ముందే మనవాళ్ళు మీ ఇంటికి వచ్చి గుర్తు చేస్తారు. వచ్చే ఆదివారం పొద్దున చింతామణి ఆఫీసులో మొదలుపెడతాము, జెరాక్సు కాపీలు తెచ్చుకోండి. పుస్తకంలో మొదటి పేరు రాయించినది ఎవరనుకున్నారు, మే నెలలో తిరిగి వచ్చిన పిల్లవాడే. తనకు కాదు, తమ్మునికి. తమ్ముడు పోయిన నెల సౌదీకి పోయినాడు.