గోలీ డబ్బా దాచుకునే అవసరం లేని తండా



ఆటపాటల నడుమ ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు మమ్మల్ని అడిగారు. మేము డాక్టర్లం కాదు. హన్మకొండలో చదువుకుంటూ, సెలవుల్లో తండాలకూ గూడేలకూ తిరిగే యువజన బృందం. హెచ్‌ఐవీతో బతుకుతున్న మన తోటి పిల్లల గురించి మాట్లాడాలనుకున్నాం.

మాకు తెలిసిన తమ్ముడు ఒకడున్నాడు. పేరు లేకుండా చెప్పడానికి తనే ఒప్పుకున్నాడు. తల్లి నుంచి పుట్టుకతోనే హెచ్‌ఐవీ వచ్చింది. చిన్నప్పటి నుంచి నాయనమ్మ దగ్గరుండి గోలీ వేయించేది. ఇంటర్‌కు హాస్టల్లో చేరాక, పెట్టెలో డబ్బా గలగలమంటే ఎవరైనా అడుగుతారని భయపడి మందు మానేశాడు. కొన్ని నెలలకు చిక్కిపోయాడు, టీబీ పట్టుకుంది. ఎందుకు మానేశావని అడిగితే, "అన్నా, నెలనెలా ఎంజీఎంకు ఎందుకు పోతున్నవని తండాలో మీరే కదా అడిగేది" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

మందు దొరకక కాదు. 2004 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. మన ఎంజీఎం ఆస్పత్రిలోనే ఏఆర్‌టీ కేంద్రం ఉంది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క గోలీ చాలు. క్రమం తప్పక వేసుకుంటే రక్తపరీక్షలో కనబడనంతగా వైరస్ తగ్గుతుంది. అలాగే నిలిచినంత కాలం లైంగికంగా మరొకరికి సోకదు. చదువు, కొలువు, పెళ్లి, పిల్లలు అన్నీ ఉంటాయి. మధ్యలో మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది, మందుకు లొంగకుండా కూడా పోవచ్చు. ఒకే కంచంలో తిన్నా, చేతులు పట్టుకొని తీజ్ ఆడినా ఇది అంటదు.

10 నుంచి 19 ఏళ్ల వారి కోసం 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. ఆస్పత్రుల నుంచి మన పిల్లలకు కావలసింది పెద్ద భవనాలు కాదు. క్లాసు పోకుండా వెళ్లగలిగే వేళలు, తలుపు వేసి మాట్లాడుకునే గది, "ఎట్ల అంటించుకున్నవ్" అని నిలదీయని సిబ్బంది, గోర్‌బోలీ, కోయ మాటలు తెలిసిన కౌన్సెలర్. ఇవి అడగడం మన హక్కు.

2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం చదువులో, ఉద్యోగంలో, వైద్యంలో, అద్దె ఇంట్లో వివక్ష చూపడం నిషేధం. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయండి. ఉచితం.

అయితే చట్టం తండా గడప దగ్గర కాపలా ఉండదు. అక్కడ ఉండాల్సింది మనమే. ఎవరు ఏ ఆస్పత్రికి పోతున్నారో ఆరా తీయొద్దు. ఎవరైనా నమ్మి చెబితే ఆ మాట మన కడుపులోనే ఉండాలి. తోడు రమ్మంటే పోదాం.

ఆ తమ్ముడు ఇప్పుడు కోలుకున్నాడు. హాస్టల్లో ఒక్క దోస్తుకు తనే విషయం చెప్పుకున్నాడు. రోజూ రాత్రి తొమ్మిదికి ఆ దోస్తు నీళ్ల సీసా తెచ్చి పక్కన పెడతాడు. ఏమీ అడగడు.

మనమందరం ఆ దోస్తులం అవుదాం. జై సేవాలాల్.