పేరేసంద్ర నుండి లూసెర్న్ దాకా
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్విట్జర్లాండులోని లూసెర్న్ నగరాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యకర్తలు కోరారు. ఆల్ప్స్ పర్వతాల అందాన్ని వర్ణించే శక్తి నాకు లేదు. ఆ ఊరికి ఎట్లా చేరాలి, చేరిన తరువాత ఎట్లా తిరగాలి అన్నంతవరకు మనవి చేస్తాను.

మాది పేరేసంద్ర. చిక్కబళ్ళాపురానికీ బాగేపల్లికీ నడుమ, బెంగళూరు నుండి హైదరాబాదు పోయే రహదారి మీద ఉన్నది. మాకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. గుడిబండకు పోయే దారి మా ఊరి దగ్గరే చీలుతుంది. గుడిబండలో కొండ, కొండ మీద 17వ శతాబ్దంలో భైరేగౌడ కట్టించిన కోట, కింద భైరసాగరం చెరువు. అంటే కొండా నీళ్ళూ ఒకచోట ఉండడం మాకు కొత్త కాదు. చిన్నప్పుడు మా నాయన వేలు పట్టుకొని గుడిబండ బస్సు కోసం క్రాసులో నిలబడేవాణ్ణి. బస్సు ఎప్పుడు వస్తుందని అడిగితే, "వచ్చినప్పుడు వస్తుందిలేరా" అనేవాడు. ఆ నాయననే మొన్న లూసెర్న్ తీసుకొని వెళ్ళాను.

మన వైపు నుండి వచ్చేవారికి దేవనహళ్ళి విమానాశ్రయం దగ్గర. మధ్యలో ఒకచోట విమానం మారి జ్యూరిక్‌లో దిగాలి. షెంగెన్ వీసా చాలును గాని, అక్కడ చెల్లే డబ్బు యూరో కాదు, ఫ్రాంకు. జ్యూరిక్ విమానాశ్రయం కిందనే రైలు స్టేషను ఉన్నది. అక్కడ ఎక్కితే గంటకు కాస్త పైగా లూసెర్న్.

స్టేషను బయటికి వస్తే ఎదురుగా సరస్సు, పడవల రేవు. పక్కనే బస్సులు. నాలుగడుగులు వేస్తే, సరస్సు నుండి రాయిస్ నది బయలుదేరే చోట, పైకప్పు గల కొయ్య వంతెన. అది 14వ శతాబ్దపుది. 1993లో నిప్పంటుకొని చాలా భాగం కాలిపోగా, మరుసటి ఏడే తిరిగి నిలబెట్టారు. ఊరిలో బస చేసినవారికి హోటలువారు ఒక కార్డు ఇస్తారు. దానితో ఊరి బస్సులలో ఊరికే తిరగవచ్చును. చాలామందికి ఇది తెలియక టిక్కెట్లు కొంటారు.

సరస్సు సముద్రమట్టానికి 434 మీటర్ల ఎత్తున ఉన్నది. మన చిక్కబళ్ళాపురం దీనికి రెండింతల ఎత్తు! అయితే చుట్టూ ఉన్న కొండలు పెద్దవి. రీగి కొండ ఎత్తు 1,798 మీటర్లు. మన నంది కొండ 1,478. రీగికి పోవాలంటే పడవలో సుమారు గంట ప్రయాణం చేసి విట్స్‌నావ్‌లో దిగాలి. అక్కడి నుండి పళ్ళచక్రం రైలు కొండ మీదికి తీసుకొనిపోతుంది. పట్టాల నడుమ పళ్ళు గల ఇంకొక పట్టా ఉంటుంది. బండి కింది చక్రం ఆ పళ్ళను పట్టుకొని ఎక్కుతుంది. 1871లో మొదలైన ఈ కొండరైలు ఐరోపాలో ఈ తరహావాటిలో మొదటిది. పిలాటస్ అనే మరొక కొండ మీదికి 1889 నుండి నడుస్తున్న పళ్ళరైలు ఇంకా నిటారుగా పోతుంది. అది చలికాలంలో నడవదు. అప్పుడు క్రీన్స్ వైపు నుండి తీగబండిలో వెళ్ళాలి.

ఇక అసలు సంగతి. రెండవనాడు నాకు జ్వరం వచ్చింది. నాయన ఒక్కడే రీగికి పోతానన్నాడు. ఆయనకు జర్మను రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. మాట్లాడేది తెలుగే అయినా అక్షరాలు కన్నడంలోనే చదవగలడు. ఒక కాగితం మీద కన్నడంలో రేవు నంబరు, పడవ వేళ, రైలు వేళ, తిరుగు వేళలు రాసి ఇచ్చాను. పంపిన తరువాత నాకు కాలు నిలవలేదు. తప్పిపోతే అమ్మకు ఏమని చెప్పను? సాయంత్రం జ్వరంతోనే రేవుకు పోయి నిలబడ్డాను. కాగితంలో రాసిన వేళకే పడవ వచ్చింది. అందులోనుండి నాయన దిగాడు.

"పడవ దిగేసరికి రైలు కాచుకోనుందిరా! వీళ్ళు బండికోసం కాచుకోరు, బండే వీళ్ళకు కాచుకుంటుంది" అన్నాడు. ఆ దేశంలో 1982 నుండి రైళ్ళను గంటకొకటి చొప్పున ఒకే నిమిషానికి నడుపుతున్నారు. పడవలనూ బస్సులనూ వీలైనంతవరకు వాటితో జోడించారు. అందుకే భాష రాని ముసలివాడు కూడా ఎవరినీ అడగకుండా కొండ ఎక్కి రాగలిగాడు.

నేను మనవి చేసేది ఒక్కటే. ఊరి నుండి వచ్చిన తల్లిదండ్రులను మనకు తీరిక దొరికే దాకా నాలుగు గోడల మధ్య కూర్చోబెడుతున్నాము. మనం వెంట లేనిదే వారు అడుగు వేయలేరనుకొంటున్నాము. వారికి చదవవచ్చిన అక్షరాలలో ఒక కాగితం రాసి ఇవ్వండి. వారే పోయి వస్తారు.

తిరిగి వచ్చే రైలులో నాయన చాలాసేపు కిటికీలోనుండి చూస్తూ కూర్చొని చివరికి ఇట్లా అన్నాడు: "మన గుడిబండ చెరువుకు ఏం తక్కువరా? చెప్పిన టయానికి బస్సొకటి ఉంటే నేనూ మీ అమ్మా వారానికొకసారి పోయొస్తుము."