బ్రిడ్జి గట్టిదే, నేలే జారిపోయింది!

బ్రిడ్జి పాడైందంటే మనం ఫస్ట్ ఏమంటాం? "కాంట్రాక్టర్ సిమెంట్ తినేశాడు" అంటాం, కదా? ఈ రోజు చెప్పే బ్రిడ్జిలో సిమెంట్ తప్పేం లేదు.

కాలిఫోర్నియాలో సముద్రాన్ని ఆనుకుని వెళ్లే హైవే వన్ ఉంది. బే ఏరియాలో మనవాళ్లు లాంగ్ వీకెండ్ వస్తే కార్లేసుకుని వెళ్లే రోడ్డు. అందులో బిగ్ సర్ దగ్గర ఫైఫర్ కాన్యన్ అనే లోయ మీద 1968లో ఒక కాంక్రీట్ బ్రిడ్జి కట్టారు. 2017 మొదట్లో అక్కడ వానలు దంచికొట్టాయి. వాలులోకి నీళ్లు దిగి మట్టి జారడం మొదలైంది. బ్రిడ్జి పిల్లర్ ఉన్నది సరిగ్గా ఆ మట్టిలోనే! పిల్లర్ కదిలింది, పైన రోడ్డు కుంగింది, పగుళ్లొచ్చాయి. ఫిబ్రవరిలో మూసేశారు.

దక్షిణం వైపు కూడా కొండచరియలు పడటంతో మధ్యలో ఉన్న జనం ఇరుక్కుపోయారు. సరుకులు హెలికాప్టర్‌లో వచ్చాయి. స్కూలేమో బ్రిడ్జికి అవతల. తర్వాత అడవిలోంచి కాలిబాట వేస్తే, పిల్లలు బ్యాగులేసుకుని కొండ ఎక్కి దిగి స్కూలుకెళ్లారు. బ్రిడ్జి అంటే కాంక్రీట్ కాదు ఫ్రెండ్స్, ఇదీ.

మార్చిలో కూల్చడానికి క్రేన్‌తో పెద్ద ఇనుప గుండు వేశారు. పడలేదు! రోజుల తరబడి కొడితే గానీ కూలలేదు. అంటే పైభాగం అంత గట్టిది. బలహీనత అంతా కింద నేలలోనే ఉంది.

మరి కొత్తదానికి ఇంకా లావు పిల్లర్లు వేశారా? లేదు. అసలు పిల్లరే వేయలేదు! లోయకి అటో ఒడ్డు, ఇటో ఒడ్డు, మధ్యలో 310 అడుగుల స్టీల్ స్పాన్. గర్డర్లని ఒక ఒడ్డున బిగించి, మెల్లగా అవతలి ఒడ్డుకి తోశారు. జారే మట్టి మీద కాలే పెట్టకపోతే, ఇక అది లాగేదేముంది? కోడింగ్ చేసేవాళ్లకి ఇది తెలుసు: మాటిమాటికీ క్రాష్ అయ్యే లైబ్రరీకి ప్యాచ్‌లేస్తూ కూర్చోం, ఆ డిపెండెన్సీనే పీకేస్తాం.

ఖర్చు సుమారు 2.4 కోట్ల డాలర్లు. మూసేసిన ఎనిమిది నెలలకే, 2017 అక్టోబర్ 13న ఓపెన్ చేశారు.

ఈసారి ఘాట్ రోడ్డులో బ్రిడ్జి దాటితే సెల్ఫీ దిగండి, తప్పులేదు. కానీ ఒక్కసారి కిందకి కూడా చూడండి. పిల్లర్ ఏ నేలలో ఉంది? వాన నీళ్లు ఎటు పోతున్నాయి? మీ ఊరి దగ్గర అలాంటి బ్రిడ్జి ఉంటే కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!