తలుపులో పిల్లి దారి

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో వడ్లను ఎలుకల నుంచి కాపాడేది పిల్లే. గూనపెంకుల సందు గుండా తిరిగే ఆ పిల్లికి స్లాబు ఇళ్లు, ఇనుప జాలీలు వచ్చాక దారి మూసుకుపోయింది. దాని కోసం తలుపుకే రంధ్రం కోసి చిన్న రెక్క పెట్టుకోవచ్చు. ఇంగ్లండులోని ఎక్సెటర్ కెథడ్రల్ తలుపుకు పిల్లి కోసం తొలిచిన రంధ్రం సుమారు 400 ఏళ్ల నాటిది.

కొలత పిల్లినే అడగాలి. నేల నుంచి దాని పొట్ట ఎంత ఎత్తో, రంధ్రం కింది అంచు కూడా అంతే ఎత్తులో ఉండాలి. మామూలు పిల్లికి 15 సెంటీమీటర్ల చదరం చాలు. టేకు తలుపైతే చట్రం జోలికి పోకుండా పలకలోనే కోయాలి. మూలల్లో డ్రిల్లుతో తొలిచి, వాటి మధ్య రంపం నడపాలి. లోపల బోలుగా ఉన్న తలుపుకు కోసిన అంచుల వెంట కర్రపట్టీ బిగించాలి. రంధ్రంలోంచి చెయ్యి పెడితే గొళ్లెం అందకూడదు. పాముల భయమున్న చోట రాత్రిపూట రెక్కకు గడియ తప్పదు. మొదట్లో రెక్కను పైకెత్తి కట్టి ఉంచితే పిల్లి జంకదు.