గాలిమర నుండి కేంబ్రిడ్జికి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



విద్యకు విశ్వవిద్యాలయమే పుట్టినిల్లని లోకము తలచుచుండును. పట్టము చేతికి వచ్చిననాడే మనుష్యుడు విద్వాంసుడయ్యెనని ఎంచుట పరిపాటి. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో గణితము చదివిన జార్జి గ్రీను చరిత్ర ఇందుకు భిన్నమైనది.

గ్రీను 1793లో నాటింగుహాము పట్టణమున రొట్టెలు కాల్చి అమ్మువాని ఇంట జన్మించెను. ఎనిమిదవ యేట బడిలో చేరి, ఏడాదిన్నర గడవకముందే బడి మాని తండ్రి పనిలో ప్రవేశించెను. 1807లో తండ్రి సమీపమందలి స్నీంటను గ్రామమున గాలిమర కట్టించెను. గాలి వీచినప్పుడు గోధుమలు విసరించుట, మర బాగోగులు చూచుట ఆ యువకుని వృత్తి. మిగిలిన వేళలు పుస్తకములకే చెల్లెను.

1823లో అతడు నాటింగుహాము చందా గ్రంథాలయమున సభ్యుడయ్యెను. అచట గణిత గ్రంథములు కొద్దియే. అయినను లండను రాయల్ సొసైటీ వారి శాస్త్ర సంపుటములు వచ్చుచుండెను. అయిదేండ్లు గడచిన పిమ్మట, 1828లో, గ్రీను విద్యుత్తు, అయస్కాంతములకు గణితమును అన్వయించుచు ఒక గ్రంథము ప్రకటించెను. వెల ఏడున్నర షిల్లింగులు; చందాదారులు 51 మంది. వారిలో అనేకులు ఆ గ్రంథాలయ సభ్యులే. ఒక వస్తువు ఉపరితలముపై జరుగుదానికిని, దాని లోపల జరుగుదానికిని గల గణిత సంబంధమును తెలుపు సిద్ధాంతము అందు గలదు. దానిని చదివి గ్రహింపగలవారు ఆ ఊర అరుదు.

చందాదారులలో ఒకడగు సర్ ఎడ్వర్డు బ్రామ్‌హెడ్ కేంబ్రిడ్జిలో చదివినవాడు. అతడు గ్రంథము విలువ నెరిగి గ్రీనునకు జాబు వ్రాసెను. పెద్దవారి మర్యాదమాటయే యని తలచి గ్రీను చాలకాలము బదులు వ్రాయలేదు! తుదకు పరిచయము కుదిరెను. 1829లో తండ్రి గతించుటతో ఆస్తి చేతికి వచ్చెను. గ్రీను మర పని విడిచి, బ్రామ్‌హెడ్ ప్రోత్సాహమున 1833లో, తన నలుబదియవ యేట, కేంబ్రిడ్జిలోని కీస్ కళాశాలలో చేరెను. తోడి విద్యార్థులు అతనిలో సగము వయసువారు.

నాటి కేంబ్రిడ్జిలో గణిత పరీక్షకు ట్రైపోసని పేరు. జనవరి చలిలో సెనేట్ హౌసున దినముల తరబడి అది సాగుచుండెను. మొదటి తరగతి వారిని రాంగ్లరులనిరి. వారి పేర్లను వరుసక్రమమున ప్రకటించుచుండిరి. కళాశాలల ఉపన్యాసములు చాలక విద్యార్థులు రుసుము చెల్లించి ప్రైవేటు ఉపాధ్యాయులను ఆశ్రయించుచుండిరి. వారిలో ప్రసిద్ధుడు విలియం హాప్కిన్సు. అతడును 1793లో నాటింగుహాము మండలముననే పుట్టినవాడు. వ్యవసాయము కలిసిరాక, దాదాపు ముప్పదియేండ్ల వయసున కేంబ్రిడ్జి చేరి చదివినవాడు. అతని శిష్యులలో 17 మంది ప్రథమ రాంగ్లరులైరి.

గణితముతో పాటు లాటిను, గ్రీకు భాషలును రావలెను. బడి చదువు లేని గ్రీనునకు అవియే గండములు. అయినను 1837 నాటి వరుసలో అతడు నాలుగవ రాంగ్లరుగా నిలిచెను. రెండవ స్థానము సిల్వెస్టరుది. అతడు యూదుడు, ఆంగ్ల చర్చికి లోబడి ప్రమాణము చేయనందున అతనికి పట్టమీయలేదు. స్త్రీలకు ఆనాడు ప్రవేశమే లేదు. 1948 వరకు అచట వారికి పూర్తి పట్టము దక్కలేదు.

కేంబ్రిడ్జి గ్రీనునకు తీరికయు, విద్వత్సాంగత్యమును ఇచ్చినమాట నిజము. కెరటములు, ధ్వని, వెలుగులను గూర్చి అతడు వ్రాసిన వ్యాసములు అచటనే వెలువడెను. కాని అతని పేరు నిలిపిన గ్రంథము విశ్వవిద్యాలయపు గడప తొక్కుటకు అయిదేండ్ల ముందే పుట్టినది. 1839లో కళాశాల అతనిని ఫెలోగా ఎన్నుకొనెను. ఆరోగ్యము చెడి ఇల్లు చేరి, 1841 మే 31న అతడు కన్నుమూసెను. అప్పటికి లోకము ఆ గ్రంథమును ఎరుగదు.

1845లో విలియం థామ్సను అను యువ రాంగ్లరు ఆ గ్రంథమునకై వెదకి వేసారెను. ఇతడే తరువాత కెల్విను ప్రభువని ఖ్యాతి గాంచెను. తుదకు గురువైన హాప్కిన్సు తన యొద్దనున్న ప్రతులను ఇచ్చెను. థామ్సను వానిని పారిసునకు గొనిపోయి గణితజ్ఞులకు చూపెను. 1850 మొదలు 1854 వరకు జర్మనీ పత్రికలో ఆ గ్రంథము పునర్ముద్రణ పొందెను. ఇరువదవ శతాబ్దమున అణుగర్భమును శోధించిన శాస్త్రజ్ఞులకు సైతము గ్రీను గణితము సాధనమయ్యెను.

మరలోని మనిషిని గణితజ్ఞుని జేసినది ఒక ఊరి గ్రంథాలయము. మరుగుపడినవానిని లోకమునకిచ్చినది ఒక బీరువాలో దాచిన ప్రతి. ఈ మెట్లెక్కి వచ్చు రైతులలో, చేతిపనివారిలో, బడి మానిన పిల్లలలో, ఆడుబిడ్డలలో అట్టివారెవరో గ్రంథాలయమునకు ముందుగా తెలియదు. తెలియదు గనుకనే దాని తలుపు ఎల్లరకును తెరచియుండవలెను. ఎవరును చదువుట లేదని ఏ పుస్తకమును పారవేయరాదు.